సముద్రం ఇంట్లో లేదు

మేం వెళ్ళేసరికి సముద్రం లేదు.

రాత్రంతా బస్సులో నడుం విరుచుకుని
పెట్టెల చక్రాలు గులకరాళ్ళ మీద గోల పెడుతుంటే
రేవు దాకా నడిచి చూస్తే
పడవలన్నీ బురదలో కూలబడి ఉన్నాయి,
పెళ్ళివారు వెళ్ళిపోయాక
విడిదింట్లో పరుపుల్లా.

"ఇప్పుడు లేదు. ఆరున్నరకి వస్తుంది"
అంది ఓదీల్, తాళంచెవి చేతిలో పెడుతూ,
ఆఫీసుకెళ్ళిన మొగుడి సంగతి చెప్పినట్టు.

గదికి అద్దె వారానికింత.
దుప్పట్లలో ఉప్పువాసన ఊరికే.
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక కాగితం:
ఆటు ఎప్పుడు, పోటు ఎప్పుడు,
రోజురోజుకీ యాభై నిమిషాలు ఆలస్యంగా.
"పెత్తీతాన్స్‌లో పెళ్ళిళ్ళు కూడా
ఇది చూసే పెట్టుకుంటాం" అంది.
ముహూర్తాల పిచ్చి మాకొక్కళ్ళకే అనుకున్నాం
నేనూ అక్కా, ఇన్నాళ్ళూ.

నిజంగానే ఆరున్నరకి వచ్చింది.
హోరు లేదు, పరుగు లేదు.
దీపం పెట్టని ఇంట్లో చీకటి నిండినట్టు
మూలల్లోంచి నిండింది.
రేవు నిచ్చెనకి ముప్ఫై రెండు మెట్లు లెక్కపెట్టాను,
తొమ్మిది మిగిలాయి.
పడవలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి,
హాజరు పిలిచిన పిల్లల్లా.

రెండో రోజు పొగమంచు.
మూడో రోజూ పొగమంచే.
సెలవంటే ఎండేనని కొన్న నల్లకళ్ళద్దాలు
బల్ల మీద తెల్లమొహం వేశాయి.
ఐస్‌క్రీం కొట్టు ఆవిడ స్వెట్టర్ అల్లుకుంటోంది.
బంగాళాదుంప తురుములో కోడిమాంసం పెట్టి కాల్చిన రాపూర్‌ని
అక్క మొదట మొహమాటానికి తింది,
తర్వాత అడిగి వేయించుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం
మెదార్ మమ్మల్ని సముద్రం అడుక్కి తీసుకెళ్ళాడు
ఆల్చిప్పలు తవ్వడానికి.
డెబ్భై ఏళ్ళ మనిషి, పొట్టి పిడి ముళ్ళపార.
పొద్దున చేపలు తిరిగిన వీధుల్లో మా పాదాలు.
ఇసుకలో చిన్న కంత కనిపిస్తే తవ్వాలి,
అది మన మొహాన ఉమ్మిందంటే
ఇంకా గట్టిగా తవ్వాలి.
చెప్పులు బురదలో కూరుకుపోతుంటే
విప్పి ఒక బండ మీద పెట్టాను,
అరుగు మీద విడిచినంత నమ్మకంగా.

మెదార్ తలెత్తి గాలి వాసన చూశాడు.
"ఇక నడవండి."
నడిచాం.
వెనక్కి చూస్తే బండ లేదు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.
రొట్టెల కొట్టు కుర్రాడు
డబ్బులు నాకిస్తూ నా కాళ్ళు చూశాడు.
"ఒకటి వస్తుంది" అన్నాడు మెదార్,
"రెండూ రావు. దానికీ ఏదో ఒకటి మిగలాలిగా."

ఆరో రోజు వచ్చింది, ఎడమది.

గిడ్డంగి గోడకి వరసగా మేకులు.
దొరికినవన్నీ అక్కడే తగిలిస్తారు:
ఒక రబ్బరు తొడుగు, బొమ్మ చెయ్యి, సగం తెడ్డు,
ఎవరిదో పళ్ళసెట్టు
(దాని గురించి ఊళ్ళో రెండు కథలున్నాయి),
నా చెప్పు.
చివరి మేకుకి నీలం ఉన్నిటోపీ.
మిగతావన్నీ ఉప్పు పట్టి బిరుసెక్కాయి,
అదొక్కటే శుభ్రంగా ఉంది.

ఎవరిదని అడిగాను.
వల బాగుచేస్తున్న నలుగురూ
ముడుల్లోకి తలలు దించుకున్నారు.
"యుల్రిక్‌ది. పద్నాలుగేళ్ళయింది" అంది ఓదీల్.
"వాళ్ళన్న ఏటా ఉతికి మళ్ళీ అక్కడే పెడతాడు."
అవతల మెదార్ పడవకి రంగు వేస్తున్నాడు.
మాకు వీపే కనిపిస్తోంది.

ఆటుపోట్లు అనే మాట
పరీక్ష తప్పినప్పుడూ అప్పు దొరకనప్పుడూ
ఎంత తేలిగ్గా వాడేశాను.

చెప్పు తియ్యబోయి వదిలేశాను.
ఒంటి చెప్పు ఏం చేసుకోనని అక్కతో అన్నాను గానీ
కారణం అది కాదు.
ఏమిటో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

బస్సెక్కే పూట ఓదీల్
ఎండబెట్టిన ఎర్రనాచు పొట్లం కట్టిచ్చింది.
నమిలితే ఉప్పు, తర్వాత ఇనుము,
చాలాసేపటికి కొంచెం తీపి.

మలుపులో అక్క కిటికీకి ముక్కు ఆనించింది.
బురద, మెరుస్తూ.
పడవలు, ఒక పక్కకి ఒరిగి.
"అయ్యో, వెళ్ళొస్తామని చెబుదామంటే
ఇప్పుడు కూడా లేదే" అంది.

"రాత్రి పదకొండున్నరకి వస్తుంది"
అన్నాను, కాగితం చూడకుండానే.